ఇరువురూ ఒకరేనని ధ్రువీకరించడమైనది

గుడిమెట్ల సోమసుందరం యాభై రెండో ఏట, ఒక సోమవారం ఉదయం పదకొండుంబావుకి ఇద్దరయ్యాడు. అందుకోసం అతను ఏ రసాయనమూ తాగలేదు, ఏ ప్రయోగమూ చెయ్యలేదు. పైనుంచి వచ్చిన ఒక ఫారం నింపాడు, అంతే.

అతను పనిచేసేది నీటి శుద్ధి పరిశోధనా పీఠంలో. కాలవగట్టు మీద పసుపురంగు మేడ అది. అందులో తొమ్మిది మంది శాస్త్రవేత్తలు, వాళ్ళు పని చేస్తున్నారో లేదో రాసిపెట్టడానికి ముప్ఫై ఒక్క మంది. ఆ ముప్ఫై ఒక్క మందికీ పెద్ద సూపరింటెండెంట్ కనకలింగం. ఏ కాగితం ఎక్కడ ఆగాలో అతనికి తెలిసినట్టు మరొకరికి తెలియదు.

ఆ ఏడు ప్రభుత్వానికి పారదర్శకత మీద మోజు పుట్టింది. ఉద్యోగులంతా 'ఉద్యోగి దర్పణం' అనే కంప్యూటర్ జాబితాలో ఎవరి పేరు వాళ్ళే ఎక్కించుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఫారంలో రెండు గళ్ళున్నాయి. ఒకటి మొదటి పేరు, రెండోది చివరి పేరు. సోమసుందరం బళ్ళో వేసిన నాటినుంచి రాస్తున్నట్టే మొదటి గడిలో 'జి.' అనీ, చివరి గడిలో 'సోమసుందరం' అనీ నింపి మీట నొక్కాడు. దర్పణం వెంటనే నాలుగువందల పదిహేడో నంబరు ఇచ్చింది.

వెనకనుంచి తొంగిచూసిన కనకలింగం నాలుక కరుచుకున్నాడు.

"తప్పండీ. ఇంటిపేరు చివరి పేరు."

"ఇంటిపేరు ముందు కదయ్యా రాస్తాం."

"ముందు రాసినా అది చివరిదేనండి. మనకి ముందొచ్చేదాన్ని వాళ్ళు చివరి పేరంటారు. పైవాళ్ళ పద్ధతి అది. మళ్ళీ నింపండి."

మళ్ళీ నింపాడు. ఈసారి 'సోమసుందరం జి.' అయ్యాడు. దర్పణం ఏమాత్రం అనుమానపడకుండా నాలుగువందల పద్దెనిమిదో నంబరు ఇచ్చింది. మరి మొదటిదాన్ని తీసెయ్యమంటే కనకలింగం తల అడ్డంగా ఊపాడు.

"తీసెయ్యాలంటే కారణం చూపించాలండి. ఉండనివ్వండి. ఉంటే మనకొచ్చిన నష్టమేముంది?"

నష్టమేమిటో తెలియడానికి మూడు నెలలు పట్టింది.

నిజం చెప్పాలంటే, ఆ ఫారం రాకముందే సోమసుందరంలో ఒక బీట ఉంది. ఫిబ్రవరిలో 'తేటామృతం' అనే పొడి పీఠానికి పరీక్షకి వచ్చింది. బిందెడు బురదనీళ్ళలో చెంచాడు వేస్తే చూస్తుండగానే తేటపడతాయి. దాన్ని హాస్టళ్ళలో పిల్లలు తాగే నీళ్ళలో కలిపించాలని పైవాళ్ళ ఉబలాటం. సోమసుందరం ఆరు వారాలు పరీక్షించాడు. నీళ్ళు తేటపడే మాట నిజమే. కానీ పొడిలోని పదార్థం ఒకటి నీళ్ళలోనే ఉండిపోతోంది, అది కడుపులో మంట పెడుతుంది. అందుకని నివేదిక చివర 'ఈ పొడి హానికరం కాదని చెప్పలేము' అని రాశాడు.

డైరెక్టర్ వేదాద్రి గారు అతన్ని పిలిపించారు. ఆ వాక్యం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"సోమసుందరం, శాస్త్రం క్లుప్తంగా ఉండాలి. ఈ వాక్యం చివర ఒక మాట ఎక్కువైంది. 'చెప్పలేము' ఏమిటి? చెప్పడానికే కదా మనకి పీఠం ఇచ్చింది. చెప్పలేమని మనమే రాసుకుంటే చదివేవాళ్ళు ఏమనుకుంటారు? మీరు ఆలోచించండి. డిప్యూటీ డైరెక్టర్ పోస్టు ఖాళీగా ఉంది, దాని గురించి నేనూ ఆలోచిస్తున్నాను."

సోమసుందరం ఆలోచించాడు. 'చెప్పలేము' కొట్టేశాడు. 'కాదని'లో 'ని' కూడా తీసేసి, 'ద'కి కొమ్ము పెట్టాడు. 'ఈ పొడి హానికరం కాదు' అయింది. ఒక మాట తీసి ఒక కొమ్ము పెట్టడం అంత పెద్ద పాపమేమీ కాదని తనకి తను చెప్పుకున్నాడు. కింద 'జి. సోమసుందరం' అని సంతకం పెట్టాడు. ఆ పూట అన్నం సహించలేదు.

తేటామృతాన్ని ముందుగా తాళ్ళలంక బాలికల హాస్టల్లో మొదలుపెట్టారు. జూన్‌లో ఆ హాస్టల్ వార్డెన్ దయామణి దగ్గర్నుంచి ఒక సీసాడు నీళ్ళూ, ఒక ఉత్తరమూ వచ్చాయి. 'ఈ పొడి వచ్చినప్పటి నుంచీ మా పిల్లలకి కడుపునొప్పి, వాంతులు. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి. దయచేసి పరీక్ష చేసి చెప్పగలరు' అని ఉంది. సోమసుందరం ఆ సీసా వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజూ అన్నం సహించలేదు. మర్నాడు పరీక్ష చేసి, 'ఈ పొడి హానికరం, వెంటనే ఆపాలి' అని కొత్త నివేదిక రాసి, డైరెక్టర్ గారికి చూపించకుండా నేరుగా రాజధానికి పంపేశాడు. అప్పటికి నివేదికలన్నీ దర్పణం ద్వారానే వెళ్ళాలన్న నియమం వచ్చింది. దర్పణం తనంతట తనే కింద 'సోమసుందరం జి.' అని అచ్చు వేసింది.

ఇక సస్పెన్షనే అనుకుని సోమసుందరం బల్ల సొరుగు కూడా సర్దుకున్నాడు. కానీ రాజధాని నుంచి వచ్చింది సస్పెన్షన్ కాదు, ప్రశంస. అక్కడెవరో అధికారి 'సోమసుందరం జి.'ని 'సోమసుందరం జీ' అని చదువుకున్నాడు. దేశమంతా చేతులు జోడించే పెద్దాయన ఎవరో ఈ మారుమూల పీఠంలో ఉన్నాడని నమ్మాడు. 'పూజ్యులు సోమసుందరం జీ వారి నిర్భీతికి ప్రభుత్వం హర్షం ప్రకటించుచున్నది. వారి పేరు నిర్భయ శాస్త్రవేత్త పురస్కారమునకు పరిశీలించబడుచున్నది. పొడి విషయము తమ స్థాయిలోనే తేల్చుకొనవలెను' అని రాశాడు.

డైరెక్టర్ గారికి ముచ్చెమటలు పోశాయి. సోమసుందరాన్నీ కనకలింగాన్నీ పిలిపించి రెండు నివేదికలూ పక్కపక్కన పరిచారు.

"ఒకే పీఠం, ఒకే పొడి, ఒకే మనిషి. ఒకచోట కాదు, ఒకచోట అవును. పీఠం పరువేం కాను?"

"ఒకే మనిషి కాదండి," అన్నాడు కనకలింగం దర్పణం జాబితా ముందు పెడుతూ. "నాలుగువందల పదిహేడు జి. సోమసుందరం. నాలుగువందల పద్దెనిమిది సోమసుందరం జి. ఇద్దరు."

డైరెక్టర్ గారు జాబితా చూశారు. ఎదురుగా నిలబడ్డ సోమసుందరాన్ని చూశారు. మళ్ళీ జాబితా చూశారు. జాబితా మీదే నమ్మకం కుదిరింది.

"అలాగా. ఇద్దరు శాస్త్రవేత్తల మధ్య భిన్నాభిప్రాయం పీఠానికి శోభ. నిబంధన ఏమంటుంది?"

"విభేదం వచ్చినచోట సీనియర్ నివేదిక చెల్లుతుందండి."

సోమసుందరాలిద్దరూ ఒకే రోజు పుట్టారు, ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. అయినా పద్దెనిమిది కంటే పదిహేడు ముందు. అంచేత పొడి హానికరం కాదు. జూలై పదిహేను నుంచి జిల్లాలోని అరవై హాస్టళ్ళలోనూ తేటామృతం కలపాలని అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది.

నేనొక్కణ్ణేనండి అనడానికి సోమసుందరం నోరు తెరిచాడు. నిజంగా ఇద్దరైతే, ఆ కొమ్ము పెట్టింది తను కాదు. ఆ పని చేసినవాడు నాలుగువందల పదిహేడు. తను పూజ్యుడు. ఈ ఆలోచన వేసవిలో మజ్జిగలా దిగింది. నోరు మూసుకున్నాడు.

ఇద్దరు అధికారులు ఒకే కుర్చీలో కూర్చోకూడదని నియమం ఉంది. కాబట్టి జి. సోమసుందరానికి పన్నెండో నంబరు గది, సోమసుందరం జి.కి పద్నాలుగో నంబరు గది ఇచ్చారు. భోజనానికి ముందు పన్నెండులో, తరవాత పద్నాలుగులో కూర్చునే ఏర్పాటు. రెండు తలుపులకీ రెండు పలకలు తగిలించారు. హాజరు పుస్తకంలో ఇద్దరూ విడివిడిగా సంతకాలు పెట్టాలి. ఒకసారి ఇద్దరి చేతిరాతా ఒకేలా ఉందని కనకలింగం అభ్యంతరం చెబితే, మధ్యాహ్నం సంతకాన్ని సోమసుందరం కొంచెం వంచి పెట్టడం మొదలుపెట్టాడు.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది గానీ, అతనికి ఆ కాపురం బ్రహ్మాండంగా నచ్చింది. పొద్దుటిపూట పన్నెండులో కూర్చుని వచ్చినవాణ్ణల్లా కసిరేవాడు, చదవకుండా సంతకాలు గిలికేవాడు, గుత్తేదార్లు తెచ్చిన పూతరేకులు వద్దనకుండా తినేవాడు. ఎవరు తిన్నట్టు? నాలుగువందల పదిహేడు. మధ్యాహ్నం చొక్కా మార్చుకుని పద్నాలుగులోకి వెళ్ళేసరికి గొంతు మెత్తబడేది. అక్కడికి వచ్చినవాళ్ళు 'నమస్కారం సోమసుందరం జీ' అనేవాళ్ళు. ఇతను కళ్ళు అరమూసి, సమాజంలో విలువలు ఎలా పడిపోతున్నాయో చెప్పేవాడు. ఉదాహరణకి పన్నెండో గదిని చూపించేవాడు.

పద్నాలుగు నుంచి పన్నెండుకి ఒక లేఖ కూడా వెళ్ళింది. 'తమ నివేదిక శాస్త్ర మర్యాదకు విరుద్ధమని విచారముతో తెలియజేయుచున్నాను.' మర్నాడు పొద్దున్నే పన్నెండు నుంచి జవాబు. 'తమ పని తాము చూసుకొనవలెను.' ఆ జవాబు చదివి సోమసుందరం జి. నిజంగానే నొచ్చుకున్నాడు. మనిషి ఇంత దిగజారతాడా అని నిట్టూర్చాడు. కనకలింగం రెండు కాగితాలనీ ఒకే ఫైల్లో కట్టి, పీఠంలో ఆరోగ్యకరమైన చర్చ జరుగుతోందని నెలవారీ నివేదికలో రాశాడు.

ఇంట్లో అతని భార్య హైమవతి మూడు రోజులు చూసి నాలుగో రోజు నిలదీసింది.

"పొద్దుటాయన పప్పులో ఉప్పు తక్కువైందని విసుక్కుంటాడు. సాయంత్రం ఆయన అదే పప్పు ప్రసాదంలా కళ్ళకద్దుకుని తింటాడు. నాకు సాయంత్రం ఆయనే బాగున్నాడు గానీ, ఎవరొస్తున్నారో కాస్త ముందు చెప్పండి. ఇద్దరికీ కలిపి వండడం నావల్ల కాదు."

జూలై మొదటి వారంలో తాళ్ళలంక నుంచి దయామణి స్వయంగా వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. పదకొండింటికి పన్నెండో గదిలోకి వెళ్ళి, పిల్లల సంగతి ఎత్తగానే సోమసుందరం ఫైల్లోంచి తలెత్తకుండా, "పొడి మంచిదేనమ్మా. నివేదిక ఉంది. పిల్లలు అడ్డమైనవీ తింటారు," అన్నాడు. ఆవిడ ఏదో అనబోతే, "పద్నాలుగో గదిలో ఒకాయన ఉన్నాడు. రెండు దాటాక వెళ్ళు. వినడమే ఆయన పని," అని పంపేశాడు.

ఆవిడ మూడు గంటలకి పైగా వరండాలో కూర్చుంది. రెండున్నరకి పద్నాలుగో గదికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రామ్మా, కూర్చో," అన్నాడు సోమసుందరం జి., కుర్చీ చూపిస్తూ. "అంతా విన్నాను. గుండె తరుక్కుపోతోంది. ఆ జి. సోమసుందరం ఇంత పని చేస్తాడనుకోలేదు. నేను చెయ్యాల్సింది చేశాను. ఆయన సీనియర్, నా మాట చెల్లలేదు."

దయామణి అతని ముఖం వంక తేరిపార చూసింది.

"పొద్దున ఆ గదిలో నన్ను కసిరింది మీరే కదండీ."

"ఆయన జి. సోమసుందరం. నేను సోమసుందరం జి."

"ఎడం చెవి కింద పుట్టుమచ్చ ఇద్దరికీ ఉందాండీ?"

సోమసుందరం చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది.

"మీ ఆఫీసులో మీరిద్దరైతే ఉండండి సార్. మా పిల్లలకి మాత్రం తలో కడుపే ఉంది. పొద్దున మీరు తాగమన్న నీళ్ళూ, ఇప్పుడు మీరు జాలిపడుతున్న నీళ్ళూ అందులోకే పోతన్నాయి. రెండ్రోజులు పొడి కలపడం మానేశాను. తనిఖీకొచ్చినాయన పొట్లాలు లెక్కెట్టి, మళ్ళీ మానేస్తే ఇంటికెళ్ళిపోమన్నారు. నూకరత్నమని ఏడో తరగతి పిల్ల, మొన్నటి నుంచీ సెలైన్ ఎక్కిస్తన్నారు. నీళ్ళు తాగకుండా ఉంటే మీరు తిడతారా వార్డెనమ్మా అని అడిగింది నన్ను. దాహమేస్తన్నా తాగట్లేదండి అది."

ఆవిడ చెంగు సర్దుకుని బస్సు టైమవుతోందని వెళ్ళిపోయింది. సోమసుందరం పద్నాలుగో గదిలో కూర్చుని జి. సోమసుందరాన్ని తిట్టుకుందామని చూశాడు. ఎంత ప్రయత్నించినా ఆ తిట్లు ఈ కుర్చీలోవాడికే తగిలాయి. దాహమేసినా నీళ్ళకి భయపడే పిల్ల ఒకత్తి అక్కడుంటే, తను ఇక్కడ చొక్కా మార్చుకుని పూజలందుకుంటున్నాడు.

లేచి తిన్నగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాడు.

"నేనొక్కణ్ణేనండి. రెండు నివేదికలూ నావే. మొదటిది అబద్ధం."

డైరెక్టర్ గారు ఆప్యాయంగా చూశారు. "ఆవేశపడకండి. ముందిది చెప్పండి, ఇది మీలో ఎవరి అభిప్రాయం?"

"ఇద్దరిదీనండి. అంటే, నాదేనండి."

"అలా నోటిమాటగా చెబితే ఎలా? రేపు మరొకడొచ్చి నేనూ ఆయనే అంటాడు. కనకలింగం, నిబంధన?"

"ఒకే వ్యక్తి ధ్రువపత్రం కావాలండి," అన్నాడు కనకలింగం. "తహసీల్దారు గారు ఇస్తారు. ఇరువురూ హాజరై సంతకాలు చెయ్యాలి. ఇరువురినీ పదేళ్ళుగా ఎరిగిన సాక్షి ఒకరు రావాలి."

మర్నాడు సోమసుందరం హైమవతిని వెంటబెట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా దరఖాస్తు ఆసాంతం చదివి, మొదటి గీత మీద సంతకం పెట్టించుకున్నాడు.

"రెండో ఆయన ఏరండీ?"

"నేనే."

"మీరు మొదటాయన కదండీ, ఇప్పుడే పెట్టారు సంతకం. రెండో ఆయన్ని కూడా రమ్మనండి. ఇరువురూ హాజరు కావాలని రాసుంది."

సోమసుందరం బయటికి వెళ్ళాడు. వరండాలో స్తంభం పక్కన రెండు నిమిషాలు నిలబడ్డాడు. అలవాటుగా గొంతు మెత్తబరుచుకుని లోపలికి వచ్చాడు.

"రండి, కూర్చోండి," అన్నాడు గుమాస్తా. "మొదటాయన మీకోసం కాసేపు కాచుకున్నాడు. ఇక్కడ పెట్టండి సంతకం."

తహసీల్దారు గారు నడివయసు మనిషి. ఆవిడ కాగితం చూసి హైమవతిని అడిగింది. "ఈ ఇరువురూ ఒకరేనని మీకెలా తెలుసమ్మా?"

"ఇద్దరూ తడి తువ్వాలు మంచం మీదే పడేస్తారండి."

"అది చాలామంది చేస్తారు. ఇంకేదైనా చెప్పండి."

హైమవతి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఆ కొమ్ము పెట్టిన రోజున ఈయన అన్నం తినలేదండి. ఆ వార్డెనమ్మ ఉత్తరం వచ్చిన రోజునా తినలేదు. ఇద్దరు మనుషులైతే ఒకరన్నా తినేవారు కదండీ."

తహసీల్దారు గారు కలం మూత తీసి, మరో ప్రశ్న వెయ్యకుండా 'ఇరువురూ ఒకరేనని ధ్రువీకరించడమైనది' అని రాసి ముద్ర వేసింది. దాని కింద ఒక ఖాళీ గీత ఉంది. 'ఇకపై వాడుకలో ఉండవలసిన పేరు' అని. అది పీఠంలో నింపుకోవాలని చెప్పింది.

జూలై పదమూడున డైరెక్టర్ గారి గదిలో ఆ గీత ముందు ముగ్గురూ కూర్చున్నారు. అరవై హాస్టళ్ళకి వెళ్ళవలసిన బస్తాలు అప్పటికే లారీలకి ఎక్కుతున్నాయి.

"ఇందులో ఆలోచించేదేముందండి," అన్నాడు కనకలింగం. "సోమసుందరం జి. అని రాసెయ్యండి. ప్రశంసా పత్రం ఆ పేరు మీదుంది. పురస్కారం ఆ పేరు మీదే వస్తుంది. రెండోవాడు పోతాడు, వాడితో ఆ మచ్చా పోతుంది."

"వాడు రాసిన నివేదిక?"

"అది ఉంటుందండి. నివేదికని రాసినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి. రాసినవాళ్ళు లేకపోతే ఇంకెవరూ ముట్టుకోకూడదు. శాశ్వతమైపోతుంది."

సోమసుందరం గీత మీద పెట్టబోయిన కలం వెనక్కి తీశాడు.

"అయితే, లేకుండా పోయినవాడి నివేదిక శాశ్వతం. ఉన్నవాడిది వాడు వెనక్కి తీసుకోవచ్చు."

"అంతేనండి."

"మంచివాడు పోయి, చెడ్డవాడు మిగిలితే?"

కనకలింగం తన సర్వీసులో మొదటిసారి తడబడ్డాడు. "అప్పుడు మంచాయన రాసింది శాశ్వతమవుతుందండి. చెడ్డాయన తను రాసింది వెనక్కి తీసుకోవచ్చు. కానీ తప్పుడు నివేదిక రాశానని ఒప్పుకోవాలి. ఛార్జిమెమో వస్తుంది. డిప్యూటీ డైరెక్టర్ పోస్టు మాట ఇక మర్చిపోవాలి. రిటైరయ్యేదాకా ఆ మచ్చ సర్వీసు పుస్తకంలో ఉంటుంది. అంత ఖర్మ ఎవరికండి?"

డైరెక్టర్ గారు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "సోమసుందరం, మీలో ఒక మహనీయుడున్నాడు. దేశం గుర్తించింది. అటువంటివాణ్ణి మీ చేతులారా లేకుండా చేసుకుంటారా?"

సోమసుందరానికి దుఃఖం వచ్చింది. అబద్ధమెందుకు, పద్నాలుగో గదిలోవాడంటే అతనికి ప్రాణం. మర్యాదస్థుడు, మృదువుగా మాట్లాడతాడు, భార్యకి కూడా నచ్చాడు. కానీ ఆ మహనీయుడు దయామణికి కుర్చీ చూపించాడే తప్ప ఒక్క బస్తా ఆపలేకపోయాడు. ఆపగలిగేది కొమ్ము పెట్టిన వెధవ ఒక్కడే. సోమసుందరం గీత మీద 'జి. సోమసుందరం' అని రాశాడు. వెంటనే ఇంకో కాగితం తీసుకుని, 'హానికరం కాదని చెప్పలేము అని ముందు రాసినది నేనే. మాట కొట్టేసి కొమ్ము పెట్టినది కూడా నేనే. పదవికి ఆశపడి చేసితిని. ఆ నివేదికను వెనక్కి తీసుకొనుచున్నాను' అని రాసి, వంపులేని సంతకం పెట్టాడు.

కనకలింగం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా ఆపడానికి వీలు దొరకలేదు. సాయంత్రానికి లారీల మీంచి బస్తాలు దించేశారు. తాళ్ళలంకలో మిగిలిన పొట్లాలు కూడా వెనక్కి వచ్చాయి. వారం తిరక్కుండా దయామణి ఒక కార్డు రాసింది. నూకరత్నం ఆసుపత్రి నుంచి వచ్చిందనీ, నీళ్ళు మరగకాచి ఇస్తున్నామనీ, తాగుతోందనీ. కార్డు మీద 'జి. సోమసుందరం గారికి' అని ఉంది.

ఇక దర్పణంలోంచి నాలుగువందల పద్దెనిమిదిని తీసెయ్యడం మిగిలింది. కారణం అన్న గడిలో దర్పణం మూడే మాటలు ఒప్పుకుంటుంది. పదవీ విరమణ, బదిలీ, మరణం. సోమసుందరం జి.కి విరమణ వయసు రాలేదు. బదిలీ అంటే ఏ ఊరికో చెప్పమంటుంది. కనకలింగం అరగంట ఆలోచించి మూడోదాని మీద నొక్కాడు. దర్పణం నొక్కినంత సేపట్లో రాజధానికి కబురు చేరవేసింది.

రాజధాని నుంచి హైమవతి పేరున సంతాప సందేశం వచ్చింది. ఆవిడ దాన్ని వంటింట్లో మేకుకి గుచ్చింది.

"మీరు పోయినందుకు ప్రభుత్వం బాధపడుతోందిట," అంది భర్తతో. "కాఫీ తాగుతారా?"

సర్వీసులో ఉండగా పోయిన అధికారికి సంతాప సభ జరపాలన్నది నియమం. శుక్రవారం మూడు గంటలకి పీఠం సమావేశ మందిరంలో ఏర్పాటు చేశారు. సోమసుందరం జి. ఫొటో పెద్దది చేయించి బంతిపూల దండ వేశారు. హాజరు తప్పనిసరి. ఛార్జిమెమో అందుకున్న జి. సోమసుందరం వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. పక్కన కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడలేదు.

డైరెక్టర్ గారు ముప్ఫై అయిదు నిమిషాలు మాట్లాడారు.

"ఆయన లేని లోటు పీఠానికి తీరనిది. మనందరం మౌనంగా ఉన్నప్పుడు ఆయన ఒక్కరే సత్యం పలికారు. నన్ను కూడా లెక్కచెయ్యలేదు. అందుకు నేను ఆ రోజే లోలోపల గర్వపడ్డాను. ఇలాంటివారు అరుదుగా పుడతారు, త్వరగా వెళ్ళిపోతారు."

ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడంలో అబద్ధమేమీ లేదు. పద్నాలుగో గదికి వెళ్ళి ఎవరెవరు తమ గోడు చెప్పుకున్నారో వాళ్ళే వాళ్ళు. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. సోమసుందరమూ లేచి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ రెండు నిమిషాల్లోనూ అతను ఎవరినీ తిట్టుకోలేదు, తనని తాను పొగుడుకోలేదు. చాలా రోజుల తరవాత కడుపులో ఆకలి తెలిసింది.

సభ అయ్యాక డైరెక్టర్ గారు బయటికి వెళుతూ తలుపు దగ్గర అతన్ని చూసి ఆగారు. పై నుంచి కింది దాకా ఒకసారి చూసి నిట్టూర్చారు.

"అంతటి మనిషి పక్క గదిలోనే ఉండి కూడా మీరేమీ నేర్చుకోలేకపోయారు."

"కొంచెం నేర్చుకున్నానండి," అన్నాడు సోమసుందరం. "కాకపోతే ఆలస్యమైంది."

డైరెక్టర్ గారు కనకలింగం వైపు చూశారు. కనకలింగం జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

"ఆలస్యానికి మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలండి," అన్నాడు.